నీళ్లకు నాలుగు అడ్వర్బులు

దగ్గరికి జరుగు తల్లీ, చెవి ఇటు పెట్టు. ఇంగ్లీషు రాని ఇంటికి నీళ్లు కూడా రానక్కర్లేదని మా నీళ్ల ఆఫీసు శాసనం చేసిన వైనం చెబుతాను.

కొత్తగా వచ్చిన అధికారి, వచ్చిన రోజే తన కుర్చీ వెనక గోడకు తలుపంత అడ్వర్బుల చార్టు తగిలించి హుకుం జారీ చేశాడు. ప్రతి అర్జీలోనూ నాలుగు రకాల ఇంగ్లీషు అడ్వర్బులు ఉండాలి. పని ఎలా జరగాలి, ఎప్పుడు, ఎక్కడ, ఎన్నిసార్లు. నాలుగు గడులూ సరిగ్గా నిండితేనే చీటీ. చీటీ లేనిదే ఫిట్టరు పానా పట్టకూడదు.

ఆ ఫిట్టరు స్వయానా నా మేనల్లుడు.

మా వీధి కొళాయి ఎండి పదకొండు రోజులైంది. నా కూతురికి ఏడో నెల. రెండు వీధుల అవతల నుంచి బిందె మోసుకొచ్చి, నడుం పట్టుకుని గోడకు ఆనుకునేది. మేనల్లుణ్ణి పిలిస్తే తల దించుకున్నాడు.

"చీటీ లేకుండా ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది అత్తయ్యా."

పక్కింటి పిల్లచేత రాయించి అర్జీ పెట్టాం. "ఎలా" గడి ఖాళీ అని తిప్పి పంపారు. మళ్లీ పెట్టాం. "ఎప్పుడు"లో ఉండాల్సింది "ఎక్కడ"లో ఉందన్నారు. మూడోదీ తిరిగొచ్చేసరికి నేనే వెళ్లి అధికారి ముందు నిలబడ్డాను.

"కొళాయి ఎన్నిసార్లు బాగుచేయాలో రాయలేదేం మామ్మా?"

"ఒక్కసారి చేయించు నాయనా, అదే పదివేలు."

"ఇంగ్లీషులో."

"నాకు రాదయ్యా. దాహం మాత్రం తెలుగులోనే వేస్తోంది."

ఆయన నవ్వలేదు. "భాషలో క్రమశిక్షణ లేనిదే పనిలో ఉండదు," అంటూ చార్టుకేసి వేలు చూపించాడు.

ఆ వేలు దించకముందే చార్టు వెనక గోడలో గొట్టం పగిలింది. ఇన్ని రోజులుగా మా బిందెలకు దక్కని నీళ్లన్నీ ఆయన నెత్తిన పడ్డాయి. బల్ల మీది ఫైళ్లు పడవలై గుమ్మం దాటాయి.

"ఒరేయ్ ఫిట్టరూ, కట్టరా, కట్టెయ్!"

మేనల్లుడు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "చీటీ ఇప్పించండి సార్. తమరి రూలే కదా."

అధికారి కలం తీశాడు. మొదటి గడి దగ్గరే ఆగి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూశాడు. చార్టు నేల మీద ముద్దయి ఉంది. కలం కదల్లేదు. ఇన్నాళ్లూ మా అర్జీలు దిద్దింది ఆయన కాదు, ఆ గోడ అని అప్పుడు తెలిసింది నాకు.

"కాగితం తర్వాత చూద్దాం, ముందు పని కానివ్వరా," అన్నాడు చివరికి. వరండాలో అర్జీలు పట్టుకున్న జనమంతా విన్నారు.

మేనల్లుడు గొట్టం కట్టి, సంచీ భుజాన వేసుకుని నా వెనకే బయల్దేరాడు.

"ఎక్కడికి?"

"మా అత్తయ్య వీధికి సార్. కాగితం తర్వాత."

తడిసిన మనిషి చొక్కా అంచు పిండుకున్నాడు. ఆ సాయంత్రం నా కూతురు ఇంటి ముందే బిందె నింపుకుంది.

మర్నాడు ఆఫీసులో ఇంకా పెద్ద చార్టు వెలిసింది. అడుగున ఎర్ర సిరాతో ఒకే ఒక్క వరుస, అదీ అచ్చమైన తెలుగులో: "ఈ నిబంధన అధికారి గారి గదికి వర్తించదు."

గుర్తుంచుకో తల్లీ. రేపు నీ పిల్లలకు ఈ ముచ్చట చెప్పేటప్పుడు ఏది మరిచినా పరవాలేదు, ఆ ఎర్ర వరుస మాత్రం వదిలిపెట్టకు.