చచ్చిన బ్యాటరీకి జై!

ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ కనీసం ఒక్క మోటార్ సైకిల్ బ్యాటరీ చచ్చి ఉండి తీరాలని ప్రభుత్వం వెంటనే చట్టం చేయాలి!

నవ్వకండి. గోపన్‌పల్లిలో ఏడో అంతస్తులో ఉండే రవికిరణ్‌ని అడగండి. హైటెక్ సిటీలో టెస్టింగ్ ఉద్యోగం, కిక్ రాడ్ లేని పాత బండి. మూడేళ్లుగా అదే లిఫ్టులో ఎక్కి దిగుతున్నా అతనికి పేరుతో తెలిసిన పొరుగువారు ఎందరు? సున్నా! వాళ్లకీ అతను ఉత్త "ఏడువందల నాలుగు".

ఓ సోమవారం పొద్దున సెల్లార్‌లో స్టార్టర్ నొక్కితే బండి "టిక్" అంది. మళ్లీ నొక్కితే ఆ టిక్కూ లేదు.

"ఏంది సార్, పానం పోయిందా?" అంటూ వాచ్‌మన్ ఐలయ్య వెనక నుంచి నెట్టాడు. ర్యాంపు సగంలో ఇద్దరూ ఆయాసపడుతుంటే, వాకింగ్ నుంచి వస్తున్న రిటైర్డ్ తహసీల్దారు రామబ్రహ్మంగారు చొక్కా చేతులు మడిచారు. "సర్వీసంతా ఫైళ్లు నెట్టినవాణ్ణండీ, ఇదెంత!"

అయినా బండి కదల్లేదు. ఊడుస్తున్న మల్లమ్మ చీపురు పక్కన పడేసింది. "ముగ్గురు మొగోళ్లు గీ బండిని ఎక్కియ్యలేరా? జరగుండ్రి!"

నలుగురూ నెడితే బండి పైకెక్కింది. రోడ్డు వాలులో స్టార్టయింది కూడా.

బుద్ధున్నవాడైతే ఆ సాయంత్రమే కొత్త బ్యాటరీ కొనేవాడు. కానీ మనవాడు సాఫ్ట్‌వేర్! లిథియమా, లెడ్ యాసిడా? ఎక్సెల్ షీటు తెరిచాడు. ఇరవై ఏడు కాలమ్‌లు! లిథియం తేలిక, వాడకపోయినా చార్జి తొందరగా దిగదు. కానీ ధర ఎక్కువ, పాత బండి చార్జింగ్ దానికి పడాలి. లెడ్ యాసిడ్ బరువు, కానీ చవక, ఏ మెకానిక్‌కైనా తెలిసిన సరుకు. ఆఫీసు రెండు పార్టీలుగా చీలింది. రివ్యూ మీటింగులు ఐదు వారాలు నడిచాయి.

ఐదు వారాలూ రోజూ ర్యాంపే! రామబ్రహ్మంగారికి షుగర్ తగ్గింది. "ఏడువందల నాలుగు" కాస్తా "రవిబాబు" అయ్యాడు. ఐలయ్య కూతురు రేణుక కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతోందని, పరుగులో పది సెకన్లు తగ్గించాలని కూడా అతనికి తెలిసింది. ఇంతటి మేలు ఏ క్లబ్ హౌస్ చేసింది చెప్పండి?

చివరికి లిథియం గెలిచింది. రెండు కిలోల బరువు తగ్గింది. వేలు తగిలితే చాలు, బండి బుర్రుమంది! ఐలయ్య కుర్చీలోంచే సెల్యూట్ కొట్టాడు. రామబ్రహ్మంగారు చెయ్యి ఊపి లిఫ్టెక్కేశారు. మల్లమ్మ తలే ఎత్తలేదు. నాలుగు రోజులైనా రేణుక పరుగు సంగతి అడిగే సందు దొరకలేదు. ఇరవై ఏడు కాలమ్‌లలో ఇదొక్కటీ పెట్టడం మరిచాడు!

ఐదో రోజు రవికిరణ్ అటూ ఇటూ చూసి, హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే ఎర్ర స్విచ్ నొక్కేశాడు. తర్వాత స్టార్టర్ నొక్కాడు. నిశ్శబ్దం!

"ఐలయ్యా, కొత్తది కూడా మోసం చేసింది. కాస్త చెయ్యి వేస్తావా?"

ఐలయ్య వచ్చాడు. స్విచ్ చూశాడు. రవికిరణ్ మొహం చూశాడు. గేటు వైపు తిరిగి గొంతెత్తాడు.

"పెద్దసారూ! ఓ మల్లమ్మా! జల్ది రాండ్రి, బండి మల్ల పరేషాన్ చేస్తున్నది!"

వాళ్లు వచ్చేలోగా వంగి, మెల్లగా అన్నాడు.

"గా ఎర్ర స్విచ్ మీద జర రుమాలు కప్పు సార్. పెద్దసారుకు కనవడ్తది."