రెండో గదికి అర్జీ

జంగిల్ వాళ్ల మాటలు గరాజ్ వాళ్లకి వినపడటం ఈ శుక్రవారం సాయంత్రం ఐదింటితో ఆగిపోతుందని లండన్‌లో ఒక పేట కౌన్సిల్ వారు నెల ముందే ఉత్తరాలు పంపారు, కాబట్టి అన్యాయం జరిగిందని ఎవరూ అనడానికి లేదు. జంగిలంటే అడవీ కాదు, గరాజంటే కార్ల షెడ్డూ కాదు. రెండూ అక్కడి క్లబ్బుల్లో పుట్టి పెరిగిన డాన్సు సంగీతాలు. జంగిల్‌ది నిమిషానికి నూట అరవై దెబ్బల పరుగు, గరాజ్‌ది నూట ముప్ఫై దెబ్బల కులాసా. ఆ పేటలో ప్రతి మనిషీ ఏదో ఒక సంగీతం కింద నమోదై ఉండాలి. రేషన్ కార్డులాంటిదే, అందులో వింతేమీ లేదు.

అనకాపల్లి నుంచి వెళ్లి, పాటల్ని రికార్డుల మీద చెక్కే షాపులో పనిచేస్తున్న గవరయ్యది జంగిల్. భార్య నూకరత్నానిదీ మొదట అదే. అయితే జంగిల్ క్లబ్బుల్లో పెద్ద హాలు పక్కన రెండో గది ఒకటుంటుంది. హాల్లో ఎగిరెగిరి అలిసినవాళ్ల కోసం అందులో గరాజ్ వేస్తారు. మోకాళ్ల నొప్పులని నూకరత్నం ఓసారి ఆ గదిలో కూర్చుంది. కూర్చున్నవాళ్లందరినీ గరాజ్ కింద రాసుకుపోయారు.

"ఐదింటికి ఆఫీసు తలుపేసేస్తారంట. గరాజ్‌కి మారతానని కబుర్లెట్టకుండా సెప్పీసి వొచ్చీ," అందామె ఆ ఉదయం. చెప్పులు వేసుకుంటున్న మొగుణ్ణి కాసేపు చూసి, "నీ మాట ఇనపడకపోతే ఇంట్లో నాకేటి తోస్తాది?" అంది.

అప్పట్నుంచీ గవరయ్య గుండె దడదడలాడుతూనే ఉంది. జంగిల్ మనిషి కాబట్టి అది నిబంధనల ప్రకారమే.

సంగీత మార్పిడి కార్యాలయంలో అధికారిణి మిసెస్ బెర్నిస్ మహా మర్యాదస్తురాలు. పేరు రాసుకుంది, చిరునామా రాసుకుంది, మారడానికి కారణం అడిగింది. గవరయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. పని దొరకని రోజుల్లో తను గోడకి తిరిగి పడుకుంటే నూకరత్నం వీపు మీద వేళ్లతో దరువేస్తూ కూర్చునేదనీ, లండన్‌లో తను విన్న మొదటి సంగీతం అదేననీ, ఆమె మాట వినపడని ఇంట్లో తను బతకలేననీ చెప్పాడు.

వెనక బెంచీల మీదవాళ్లు గోడలు బాదారు.

ఆ సంగీతాల్లో ఒక ఆచారం ఉంది. పాట నచ్చితే జనం గోడలు బాదుతారు. బాదితే డీజే సూది ఎత్తేసి, పాటని మళ్లీ మొదట్నుంచి వెయ్యాల్సిందే. ఈ గౌరవం విచారణలకీ దక్కాలని కౌన్సిల్ వారు తీర్మానించారు. బెర్నిస్ రాసిన కాగితం చింపేసి కొత్తది తీసింది.

"మీ పేరు?"

రెండోసారి గవరయ్య గబగబా చెప్పాడు. సరిగ్గా దరువు దగ్గరే బాదారు. మూడోసారి గొంతు తగ్గించి చెప్పాడు, ఇంకా గట్టిగా బాదారు. ముందు వరసలోని నైజీరియా ముసలావిడ కళ్లు తుడుచుకుని మరీ చెప్పుతో బాదింది. పాపం, వాళ్లది అభిమానమే. ఆ అభిమానానికి గవరయ్య చొక్కా తడిసి ముద్దయింది.

"మీకు దణ్ణవెడతాను, నచ్చనేదనుకోండి బాబూ," అని బతిమాలాడు. దానికీ బాదారు.

ఐదింటికి పది నిమిషాలుందనగా గవరయ్య తెలివి తెచ్చుకున్నాడు.

"కారణం?"

"వయసైపోతోందండి. కొంచెం నెమ్మదిగా ఉంటాదని."

గోడలు కదల్లేదు. ఎవరో ఆవలించారు. బెర్నిస్ ఠపీమని ముద్ర గుద్దింది.

"డబ్‌స్టెప్ వచ్చింది మీకు," అంది.

"గరాజ్ అడిగినానండీ."

"నాలుగున్నరకి గరాజ్ గ్రైమ్, డబ్‌స్టెప్ అని రెండు సంగీతాలుగా చీలింది. పాతవాళ్లంతా గ్రైమ్‌లోకి వెళ్లారు, కొత్తగా వచ్చేవాళ్లు డబ్‌స్టెప్. ఇద్దరికీ దెబ్బలు నూట నలభయ్యే, కంగారుపడకండి. ఒకరి మాట ఒకరికి వినపడదు, అంతే. గ్రైమ్‌లో భార్య ఉంటే మినహాయింపు ఇచ్చేదాన్ని."

"ఉందండీ. నా పెళ్లాం ఉంది."

"కాగితంలో లేదు."

"ముందు కాగితాల్లో సెప్పినాను కదండీ."

"అవి చింపేశాం. జనం కోరారు."

గవరయ్య చివాల్న బెంచీల వైపు తిరిగి, ఒక్కసారి బాదమని చేతులు జోడించాడు. జనం మొహమొహాలు చూసుకున్నారు. "బాగోని దానికి బాదితే ఆచారం చెడిపోతుంది నాయనా," అంది ముసలావిడ, నిజంగానే బాధపడుతూ. ఐదయింది.

ఇంటికొచ్చేసరికి నూకరత్నం పొయ్యి దగ్గర నిలబడి ఏదో అడిగింది. పెదాలు కదిలాయి. గవరయ్య జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపి, చేతులు తిప్పి మళ్లీ ఏదో అడిగింది. ఏడుపొచ్చేసి అతను మెట్ల మీదికెళ్లి కూలబడ్డాడు.

పక్క ఫ్లాటు క్వామెకి కూడా ఆ సాయంత్రమే డబ్‌స్టెప్ వచ్చింది. వచ్చి పక్కన కూర్చున్నాడు. "మొదటి వారమే కష్టం. తర్వాత తెలీదు," అన్నాడు.

"మీ ఆవిడా గ్రైమేనా?"

"అబ్బే, మా ఇద్దరిదీ మొదట్నుంచీ ఒకటే," అన్నాడు క్వామె. "అయినా ఒకరి మాట ఒకరం విని పన్నెండేళ్లయింది."