తోడల్లుడు రాకముందే

తోడల్లుడు డ్యూటీకి వచ్చేలోపే ప్యాకింగ్ సెక్షన్‌లో కొత్త నెట్‌వర్క్ స్విచ్ పని మొత్తం తానే ముగించాలని పెద్దల్లుడు పొద్దున్నే బయల్దేరాడు. ఆ సబ్బుల ఫ్యాక్టరీలో అతను పన్నెండేళ్లుగా ఎలక్ట్రీషియన్. చిన్నల్లుడు నిన్నగాక మొన్న చేరిన నెట్‌వర్క్ టెక్నీషియన్. అయినా మామగారు ఇంటికొచ్చిన ప్రతివాళ్లతోనూ, "మా చిన్నల్లుడు కేబుళ్లు సర్దితే తల దువ్వినట్టుంటుందండీ!" అంటారు. పెద్దల్లుడి గురించి అడిగితే, "ఆఁ, అతనూ అక్కడే" అంటారు. ఆ మాట పెద్దల్లుడికి ఇన్నాళ్లయినా అరగలేదు.

మెషీన్లన్నిటినీ కేబుళ్లతో ఒకదానితో ఒకటి కలిపే ఆ స్విచ్ పెట్టెకు కరెంటు ఇవ్వడం వరకే అతని వంతు. ప్లస్, మైనస్, ఎర్త్ తీగలు చకచకా బిగించాడు. ఆపైన మెషీన్ల కేబుళ్లు కూడా ఒక్కొక్కటే గుచ్చి, ముచ్చటగా కట్టాడు. చివర్లో ఒక కేబుల్ కొస వేలాడుతూ మిగిలింది. దాని రెండో కొస అదే స్విచ్‌లో ఉందని చూసుకోకుండా, ఖాళీగా ఉన్న చోట దూర్చేశాడు. దీపాలన్నీ ఒక్కసారిగా టపటపా కొట్టుకున్నాయి.

"అబ్బ, ఏం హుషారు!" అని మురిసిపోయాడు.

అరనిమిషంలో ప్యాకింగ్ మెషీన్లన్నీ ఆగిపోయాయి. సబ్బులు మోసుకొచ్చే బెల్టు మాత్రం ఆగలేదు. సబ్బులు నేలంతా పరుచుకున్నాయి. తోడల్లుణ్ణి అడగడానికి ప్రాణం ఒప్పక, భార్యకు ఫోన్ చేశాడు.

"స్విచ్ దీపాలన్నీ కొట్టుకుంటే ఏం చెయ్యాలో మీ చెల్లి మొగుణ్ణి కనుక్కో. నేనడిగానని చెప్పకు!"

ఆవిడ చెల్లెలితో, "స్విచ్ దగ్గర మీ బావకి ఏదో అయిందే. నేను చెప్పానని అనకు" అంది. ఆ కబురు తండ్రి చెవిన పడేసరికి, 'పెద్దల్లుడికి కరెంటు కొట్టింది' అయి కూర్చుంది.

పావుగంటలో చిన్నల్లుడి స్కూటర్ మీద మామగారు కూడా దిగబడ్డారు. సరిగ్గా అప్పుడే లోపలికొచ్చిన మేనేజరు సబ్బు మీద కాలేసి, గోడ దాకా జారుకుంటూ పోయాడు. చిన్నల్లుడు ఒక్క కొస పీకాడు. మెషీన్లు మళ్లీ తిరిగాయి.

"ఎవరి నిర్వాకమిది?" మేనేజరు నడుం పట్టుకుని అరిచాడు.

"తప్పు నాదే సార్" అన్నాడు చిన్నల్లుడు. "ఒకే కేబుల్ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో పడినా ఏం కాకుండా ఆపే సెట్టింగు ఒకటుంది. నిన్న పెట్టడం మర్చిపోయాను. అన్నయ్య పుణ్యమా అని బయటపడింది."

మేనేజరు చిన్నల్లుడికి మెమో రాస్తూ పెద్దల్లుణ్ణి మెచ్చుకున్నాడు. మామగారికి కళ్లు చెమర్చాయి. "చూశారా సార్, తప్పు ఒప్పుకోవాలన్నా మా చిన్నల్లుడే!"

పెద్దల్లుడు ఇక తట్టుకోలేకపోయాడు. "కాదు సార్! ఆ కేబుల్ పెట్టింది నేను! ఆ మెమో నాది!" అని కాగితం లాక్కున్నాడు.

మామగారు మేనేజరు వైపు తిరిగి, "చిన్నల్లుణ్ణి చూసి ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు" అన్నారు.