రాయమల్లు మీసం, ఆగయ్య సెలవు

ఆ గురువారం పొద్దున రాయమల్లు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫస్టు షిఫ్టుకు పోతూ దారిలో మీసం తీయించుకోవాలి. పది గంటలకు తనిఖీకి వచ్చే పెద్ద డాక్టరు కంట్లో పడాలి. సాయంత్రం పర్మినెంటు కబురుతో, జిలేబీ పొట్లంతో ఇంటికి రావాలి. మీసం పోయిన సంగతి భార్య అనసూర్య గమనించేలోపు జిలేబీ ఆమె నోట్లో ఉంటుంది కాబట్టి, ఆమెకు ముందుగా ఏమీ చెప్పలేదు.

గోదావరిఖనిలో ఆ కాలనీ దవాఖానలో అతను మూడేళ్లుగా టెంపరరీ మేల్ నర్సు. బొగ్గుబాయిలో దెబ్బ తగిలినవాళ్లంతా "రాయమల్లన్ననే కట్టు కట్టాలె" అని పట్టుబట్టేవారు. పర్మినెంటు పోస్టు మాత్రం ఒక్కటే ఉంది. దానికి పేరు పంపవలసింది మేట్రన్ సుగుణమణి. ఆమె ముందురోజు సిబ్బందిని వరసగా నిలబెట్టి తెల్ల ప్యాంట్లు, తెల్ల షర్టులు, సున్నం కొట్టినట్టున్న బూట్లు, కత్తిరించిన గోళ్లు అన్నీ చూసుకుంటూ వచ్చి రాయమల్లు దగ్గర ఆగిపోయింది.

"అన్నీ మంచిగున్నయ్ రాయమల్లూ. ఆ మీసమే! నువ్వు కట్టు కడుతుంటే నీకన్న ముందు అదే పుండులకు తొంగిచూస్తది. రేపు అది కనపడితే నీ పేరు పంపను."

ఇద్దరు పిల్లలున్నవాడు, మీసం గురించి రాయమల్లు పెద్దగా ఆలోచించలేదు. ఆలోచించింది క్షౌరం దుకాణం కొమురెల్లి. ఎత్తిన కత్తి దించేసి, "మీ బాపు మంచిగున్నడు గద?" అన్నాడు.

"మంచిగనే ఉన్నడు కాకా. ఇయ్యాలో రేపో మక్కకంకులు పట్టుకొని అస్తనన్నడు."

"మరి తండ్రి బతికుండంగ మీసం తీస్తరా? సూసినోళ్లు ఏమనుకుంటరు?"

"నౌకరి కోసం కాకా. జల్ది కానియ్యి, డ్యూటీకి టైమైతాంది."

చూసినవాళ్లు ఏమనుకుంటారో తెలియడానికి వీధి నల్లా దాకా నడిచేంత సేపు పట్టింది. అక్కడ పక్కింటి సారవ్వ నీళ్లు పట్టుకుంటూ తలెత్తింది. బిందె వదిలేసింది.

"అయ్యో కొడుకా! ఆగయ్య బావ పోయిండా! ఓ దేవుడా!"

"గది కాదవ్వా..." అని రాయమల్లు నోరు తెరిచేసరికి సైరన్ కూసింది. ఆలస్యమైతే మేట్రన్ ఊరుకోదు. సాయంత్రం చెప్పొచ్చులే అని పరుగెత్తాడు. బతుకులో అతను చేసిన పెద్ద పొరపాటు ఇదే.

సారవ్వ తిన్నగా అనసూర్య దగ్గరికి వెళ్లింది. అనసూర్య మొదట నమ్మలేదు. "మామ పోతె నాకు చెప్పకుండ డ్యూటీకి పోతడా?" అంది.

"నీ గుండె పగులుతదని చెప్పలే బిడ్డా. మీసం గూడ తీసేసిండు, నా కండ్లతోని సూసిన!"

మీసం మాట వినగానే అనసూర్య కూలబడి శోకం అందుకుంది. మామ ఏటేటా తెచ్చిన మక్కకంకులను తలుచుకుని మరీ ఏడ్చింది. షిఫ్టు దిగి పడుకున్న ఎదురింటి ఎల్లేశం ఆ ఏడుపుకు లేచి, ఆగయ్య ఊరు కాసిపేట దాకా లారీ మాట్లాడుకొచ్చాడు. తొమ్మిదిన్నరకల్లా వాడకట్టంతా దవాఖాన ముందు లారీ దిగింది, రాయమల్లును ఎక్కించుకుని శవం దగ్గరికి పోదామని.

ఎల్లేశం లోపలికి వెళ్లి మేట్రన్‌కు సంగతి చెప్పాడు. సుగుణమణి కళ్లు చెమర్చాయి. పది రోజుల సెలవు కాగితం తన చేత్తోనే రాసి ఆఫీసుకు పంపింది. తనిఖీ లిస్టులో రాయమల్లు పేరు కొట్టేసింది.

కట్టు గదిలోంచి రాయమల్లు పరుగెత్తుకొచ్చాడు. "మేడం, మా బాపు బతికే ఉన్నడు!"

"అవును నాయనా. మంచోళ్లు ఎప్పటికీ బతికే ఉంటరు" అని ఆమె అతని భుజం తట్టింది.

"నిజంగనే ఉన్నడు మేడం! నాకు సెలవు వద్దు, నా పేరు కొట్టెయ్యకుండ్రి!"

"దుఃఖంల గట్లనే అనిపిస్తది."

సరిగ్గా అప్పుడే గేటు ముందు బస్సు ఆగింది. మక్కకంకుల సంచి భుజాన వేసుకుని ఆగయ్య దిగాడు. ముందు కోడలి శోకం వినపడింది. తర్వాత మెట్ల మీద కొడుకు కనపడ్డాడు, మీసం లేకుండా. తాను ఉండగా కొడుకు మీసం పోయిందంటే, పోవడానికి ఇంట్లో మిగిలింది భార్య పూలవ్వ ఒక్కతే.

"ఓ పూలవ్వా! పొద్దుగాల కడుపుకింత గటక పోసి తోలిచ్చినవు గదనే! ఇంతల్నే పోయినవా!" అంటూ పరుగెత్తి, మెట్టు తట్టుకుని పడి, నుదురు చిట్లగొట్టుకున్నాడు.

చచ్చిపోయినవాడు పరుగెత్తుకు రావడం చూసి జనం నోళ్లు టక్కున మూతపడ్డాయి. సారవ్వ మాత్రం, మొదలుపెట్టింది మధ్యలో ఆపడమెందుకన్నట్టు ఇంకాస్త ఏడ్చింది.

రాయమల్లు పరుగున వెళ్లి ఆయనను లేపి లోపలికి తీసుకొచ్చాడు. తండ్రిని బల్ల మీద కూర్చోబెట్టి, చేతులు కడుక్కుని, గాయం తుడిచి కట్టు మొదలుపెట్టాడు. "అవ్వ మంచిగున్నది బాపూ. నువ్వు గూడ మంచిగున్నవు. కదలకు" అన్నాడు. ముడి వేసి తలెత్తితే ఎదురుగా పెద్ద డాక్టరు. ఆయన ముక్కు కింద, రాయమల్లు పోగొట్టుకున్నదానికి రెండింతల మీసం.

"కట్టు బాగుంది. ఎవరితను? లిస్టులో లేడే?"

"సెలవులో ఉన్నాడండీ." మేట్రన్ గొంతు పీలగా వచ్చింది. "వాళ్ల నాన్న పోయాడు."

"ఈ పేషెంటు ఎవరు?"

"మా బాపు సార్" అన్నాడు రాయమల్లు.

పెద్ద డాక్టరు ఆగయ్య నాడి పట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. "ఉన్నాడు" అన్నాడు. సంగతంతా విన్నాక, "నేను గోళ్లే చూస్తానమ్మా" అని మేట్రన్‌తో చెప్పి, మీసం దువ్వుకుంటూ కొట్టేసిన పేరు మళ్లీ రాశాడు.

వారం తర్వాత పర్మినెంటు ఆర్డరు తీసుకోవడానికి రాయమల్లు ఆఫీసుకు వెళ్తే, ఆగయ్య నుదుటి కట్టుతో వెంట వచ్చాడు గానీ మొహం ముడుచుకునే ఉన్నాడు. తన నిండు ప్రాణం మీద మీసం తీసిన కొడుకుతో ఆయన ఇంకా మాట్లాడటం లేదు. గుమాస్తా అంద్రెయ రిజిస్టరు తిప్పి, కళ్లద్దాల పైనుంచి చూశాడు.

"రాయమల్లూ, తండ్రి పోయినందుకు పది దినాల సెలవు మంజూరై ఉన్నది. ఇగ కొట్టేసుడు కుదరది. తండ్రి సెలవు సర్వీసుల ఒక్కపారే."

"అంటె ఏంది?" అన్నాడు ఆగయ్య.

"అంటె, నీ కొడుకు నౌకరి ఉన్నన్ని దినాలు నువ్వు పోవుడు లేదు పెద్దయ్యా. పోతె సెలవియ్యరు."

ఆగయ్య వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టుకున్నాడు. మెల్లగా ఆయన మొహం విప్పారింది. కొడుకు భుజం మీద చెయ్యి వేసి, "సరె తియ్యి కొడుకా. రూలంటె రూలే గద" అన్నాడు.

రాయమల్లు రిటైరైన మరుసటి నెల దాకా ఆగయ్య ఆ రూలు తప్పలేదు.