చుట్టానికి స్వయంవరం

"ఈ ఊళ్ళో ఇకమీదట ఇల్లు లేని కుక్కంటూ ఉండదు! ఇది మా మాట కాదు, మా శపథం!"

మూగజీవుల మిత్రమండలి అధ్యక్షురాలు మైకు ముందు ఈ మాట అనగానే హాలంతా చప్పట్లతో దద్దరిల్లిపోయింది. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఇంట్లో కుక్క ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. కుక్క ఉన్న ఒక్క మనిషీ చప్పట్లు కొట్టలేదు. ఆవిడ ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో గుండె పట్టుకుని చివరి వరసలో కూర్చుంది. వచ్చేటప్పుడు వంటింటి తలుపు వేసిందో లేదో ఆవిడకి ఎంతకీ గుర్తు రావడం లేదు. వెయ్యకపోతే కుక్క లోపలికి వెళ్ళుంటుంది. వెళ్తే గ్యాసు బండ గొట్టం కొరికేస్తుంది. కొరికితే ఇంకేముంది, మేడంతా ఎగిరిపోతుంది! పేపర్లో ఫోటో కూడా పడిపోయింది ఆవిడ కళ్ళముందు.

నిజానికి ఆ కుక్క ఆవిడది కాదు. కూతురు పశువుల ఆసుపత్రిలో కట్లు కట్టే ఉద్యోగం చేస్తుంది. అక్కడి కుక్కల శరణాలయంలో బోనులు చాలక కుక్కలు ఒకదాని మీద ఒకటి పడుకుంటున్నాయని, ఒకరోజు ఈ గోధుమరంగు దాన్ని వెంటబెట్టుకొచ్చింది.

"కొత్త ఇల్లు దొరికేదాకానే అమ్మా. చుట్టంలా నాలుగు రోజులుండి వెళ్ళిపోతుంది."

"చుట్టాలెప్పుడన్నా నాలుగు రోజుల్లో వెళ్ళారుటే?" అంది తల్లి, మంచం మీద నిలబడి.

కుక్క వచ్చి ఆవిడ కాలివేలు నాకింది.

"రుచి చూస్తోందే!" అని కేకపెట్టింది.

ఆ రోజునుంచి దాని పేరు చుట్టం. దానికున్న జబ్బల్లా ఒక్కటే, స్నేహం. పాలవాడొస్తే తోక ఊపుతుంది. మీటరు చూసేవాడొస్తే పొర్లుదండాలు పెడుతుంది. "దొంగొస్తే తలుపు తీసి కుర్చీ కూడా వేస్తుంది, నా ఖర్మ!" అని తల్లి అందరికీ చెప్పుకునేది. దాంతోపాటే, "ఎవరన్నా తీసుకుపోతే పీడ వదులుతుంది" అని కూడా అనేది. ఇంటి ఓనరు నెలాఖరు దాకానే గడువిచ్చాడు. ఈలోగా ఇల్లు దొరక్కపోతే చుట్టం మళ్ళీ బోనులోకే.

తీసుకుపోయేవాళ్ళు రాకపోలేదు. ఒక కొత్త జంట వచ్చింది. చక్కటివాళ్ళు. చుట్టం ఆ అమ్మాయి ఒళ్ళో తల పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"మీది ఎన్నో అంతస్తు?" అడిగింది తల్లి.

"మూడోదండీ. బాల్కనీ ఉంది, గాలి బాగా..."

"బాల్కనీయా! దూకితే?"

"గ్రిల్లుందండీ."

"తల ఇరుక్కుంటే?"

ఆ అబ్బాయి నవ్వబోయాడు. ఆవిడ నవ్వలేదు. ఉరుములొస్తే దీనికి వణుకని, ఆ వణుకులో సోఫా చింపుతుందని, దూది మింగితే ఆపరేషనేనని, ఆపరేషన్లో ఏమవుతుందో డాక్టర్లకే తెలియదని సావధానంగా వివరించింది. వాళ్ళు "ఆలోచించుకుని చెప్తామండీ" అని వెళ్ళి, ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నారు.

"పీడ వదలాలంటావు, వచ్చినవాళ్ళని బెదరగొడతావు. నీ సంగతేంటమ్మా?" అంది కూతురు.

"ఉన్నమాట చెప్పడం కూడా తప్పేనా?" అంది తల్లి, చుట్టం గిన్నెలో అన్నంలో రాయి ఉందేమోనని వేలితో వెతుకుతూ.

అన్నిటికంటే ఆవిడకి భయం కింది వాటా ఆయనంటే. కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరైన పెద్దాయన. వాటా సొంతం, వెనకాల చిన్న దొడ్డి కూడా ఆయనదే, మనిషి ఒంటరి. తెల్లవారగానే ఆవిడ మెట్లమీది తలుపు తీసి చుట్టాన్ని కిందికి వదిలి, పాలు పొంగిపోతాయన్న హడావిడిలో వంటింట్లోకి పరిగెత్తేది. కాసేపటికి చుట్టం పైకి వచ్చేది. దాని వెనకే బెంచి క్లర్కుగారు ఒక కాలికి చెప్పుతో, ఇంకో కాలు వట్టిదిగా వచ్చేవాడు.

"ఏమమ్మా! మీ జంతువు నా చెప్పు అపహరించింది. ఇది మొదటిసారి కాదు. ఇందుమూలంగా తెలియజేస్తున్నాను, నాకు కుక్కలంటే గిట్టదు!"

"క్షమించండి బాబాయిగారూ. మళ్ళీ జరగదు."

మర్నాడు మళ్ళీ జరిగేది.

"ఆ చెప్పులేవో ఇంట్లో పెట్టుకోవచ్చుగా?" అని కూతురు గొణిగేది.

"ఊరుకోవే! కోపమొచ్చి ఏ మందో మాకో పెడితే?" అని తల్లి రోజూ చుట్టం నోరు తెరిచి వాసన చూసేది. చెప్పు వాసన తప్ప ఏమీ వచ్చేది కాదు.

నెలాఖరు దగ్గరపడింది. దిక్కుతోచక ఆవిడ మిత్రమండలి సభకి వచ్చి, చివర్లో లేచి విషయం చెప్పింది. శపథం ఇంత త్వరగా పనిలో పడుతుందని ఎవరూ అనుకోలేదు.

"నేనే తీసుకుందును! కానీ నేను తీసుకుంటే మిగతా సభ్యుల మనసు నొచ్చుకుంటుంది" అంది అధ్యక్షురాలు.

"నా మనసులోని మాట మీరే అనేశారు మేడమ్" అన్నాడు పళ్ళ డాక్టరు.

"నేను చెయ్యెత్తబోయి ఆగాను" అంది స్కూలు ప్రిన్సిపాలమ్మ.

ఇంతమంది ప్రేమికుల మధ్య ఒక్క కుక్క! సుదీర్ఘంగా చర్చించి, ఏకగ్రీవంగా తీర్మానించారు: స్వయంవరం జరపాలి. కుక్క ఎవరి దగ్గరికి వెళితే వాళ్ళే నిజమైన జంతుప్రేమికులు. మనిషి మనసు కుక్కకి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? పత్రికలవాళ్ళనీ పిలవాలి. వేదిక మాత్రం చుట్టం ఉంటున్న మేడ ముందు వాకిలే. ఎందుకంటే మండలి సభలు జరిపే ఈ హాల్లోకి కుక్కల్ని రానివ్వరు.

ఆ వారమంతా తల్లికి తీరిక లేదు. ముందు అధ్యక్షురాలే కారు దూరంగా ఆపి, మెట్లెక్కి వచ్చింది.

"ఊరికే చూసి పోదామని వచ్చాను వదినగారూ. అన్నట్టు, దీనికి బాగా ఇష్టమైనదేంటి?"

"ఉడకబెట్టిన లివరండీ. కానీ ఎక్కువ పెడితే కడుపు..."

"ఎవరికీ చెప్పకండేం!"

ఆవిడ అటు దిగిందో లేదో పళ్ళ డాక్టరు ఇటు ఎక్కాడు. చుట్టం పళ్ళు ఉచితంగా చూసి, చిగుళ్ళు బాగున్నాయని మెచ్చుకుని, చెప్పులేసుకుంటూ అదే మాట అడిగాడు. ప్రిన్సిపాలమ్మ ఫోన్ చేసి, మూగజీవుల ఆహారం మీద పిల్లలకి పాఠం చెప్పాలంటూ అదే అడిగింది. అబద్ధం చెబితే ఎవరికి కోపమొస్తుందోనని తల్లి అందరికీ నిజమే చెప్పింది. తరవాత కూర్చుని, అందరూ కలిసి పెడితే దానికి విరేచనాలు పట్టుకుంటాయేమోనని బెంగపెట్టుకుంది.

స్వయంవరం రోజు వాకిట్లో కుర్చీలు వేశారు. మైకు కట్టారు. శరణాలయం వాళ్ళ బండి గేటు పక్కన ఆగి ఉంది, లాంఛనంగా. సభ్యులందరూ ఇస్త్రీ మడత నలగకుండా కూర్చున్నారు. పిలవకూడదు, చెయ్యి చాపకూడదు, ఈల వెయ్యకూడదు అని నియమం. అందరూ నిజాయితీగా పాటించారు. పిలవనక్కర్లేనంత ఏర్పాటు అందరి జేబుల్లోనూ ఉంది.

తల్లి పట్టీ విప్పింది. విప్పుతూ దాని చెవిలో, "మంచివాళ్ళని చూసుకో నాయనా" అంది.

చుట్టం ముక్కు పైకెత్తి గాలి పీల్చింది. ఆ ముఖంలో ఆనందం చెప్పనలవి కాదు. సూటిగా వెళ్ళి అధ్యక్షురాలి చేతిసంచీలో తల దూర్చింది.

"చూశారా! నన్ను ఎంచుకుంది!" అని ఆవిడ కళ్ళు ఒత్తుకుంది. ఫోటోలు తీశారు. చప్పట్లు కొట్టారు. సంచీలోంచి తల తీసి, మూతి నాక్కుని, చుట్టం పళ్ళ డాక్టరు కోటు జేబు మీద పడింది.

"నన్ను! నన్ను కూడా!"

అక్కణ్ణించి ప్రిన్సిపాలమ్మ చేతిరుమాలుకి. ఆవిడ ఆదర్శంగా కూర్చున్న కుర్చీ ఆదర్శంగానే వెనక్కి పడింది. వరస చివరిదాకా చుట్టం ఎవర్నీ నొప్పించలేదు. అందర్నీ సమానంగా ప్రేమించింది, అందర్నీ సమానంగా ఖాళీ చేసింది. వాకిలంతా ఉడికిన లివరు వాసన. ఒకరి ముఖం ఒకరు చూసుకుని, అందరూ ఒకేసారి ఆకాశంలోకి చూశారు.

"మరి... ఎవరింటికి?" అని అడిగాడు పత్రికలవాడు.

అప్పుడు మొదలైంది అసలు పోటీ.

"డాక్టరుగారూ, మీరే తీసుకెళ్ళండి. మీ ఆసుపత్రికి కళ వస్తుంది."

"ఎంతమాట మేడమ్! పెద్దవారు మీరుండగా నేనా?"

"నాకు ప్రాణమే! కానీ మా ఇంట్లో అన్నీ తెల్ల తివాచీలు."

"మా ఆయనకి బొచ్చు పడదండీ" అంది ప్రిన్సిపాలమ్మ.

"మీ ఆయన ఉద్యోగం పని మీద ఊళ్ళు తిరుగుతూ ఉంటారుగా?"

"వచ్చినప్పుడు పడదండీ!"

త్యాగంలో ఎవరికి ఎవరూ తీసిపోలేదు. చివరికి అధ్యక్షురాలు మైకు అందుకుంది. "ఈ మూగజీవి మనందర్నీ ఎంచుకుంది! ఒక్కరు సొంతం చేసుకోవడం స్వార్థం. కాబట్టి మండలి దీన్ని సమష్టిగా దత్తత తీసుకుంటోంది! ఇకమీదట ఇది శరణాలయంలోనే ఉంటుంది. బోను మీద మనందరి పేర్లతో బోర్డు ఉంటుంది!"

చప్పట్లు మిన్నంటాయి. శరణాలయం మనిషి బండి తలుపు తీశాడు.

తల్లి ఊహించుకున్న ఘోరాలకి లెక్కలేదు. బాల్కనీలున్నాయి, లారీలున్నాయి, దూది ఉంది. అందరూ చప్పట్లు కొడుతుండగా బోనులోకి పోవడం మాత్రం ఆవిడకెప్పుడూ తట్టలేదు. "ఆగండి" అంది. చప్పట్లలో ఆ మాట ఎవరికీ వినబడలేదు.

"ఏమిటీ గోల! మైకుకి అనుమతి ఉందా?"

బెంచి క్లర్కుగారు గుమ్మంలోంచి బయటికి వచ్చాడు. ఆ గొంతు వినగానే చుట్టం చెవులు నిక్కాయి. కడుపు నిండినదానికి ఇక కుర్చీలతో పనిలేదు. రివ్వున ఉరికి, ఆయన గుమ్మం పక్కన విడిచిన చెప్పుల్లో ఒకటి నోట కరుచుకుని, తెచ్చి ఆయన పాదాల ముందు పెట్టి, తోక ఊపుతూ నిలబడింది.

ఆయన వంగి చెప్పు తీశాడు. దొడ్డివైపుకి గిరాటు కొట్టాడు. "పట్టుకోరా కన్నా, పట్టుకో!"

చుట్టం పట్టుకొచ్చింది. కూర్చుంది. ముందుకాలు చాపింది. ఆయన ఆ కాలు పట్టుకుని ఊపి, "శభాష్!" అన్నాడు. అన్నాక తలెత్తి చూశాడు. వాకిట్లో అంతమందీ నోళ్ళు తెరుచుకుని ఆయన్నే చూస్తున్నారు. ఎంత అలవాటు పడిపోయాడో పాపం, వాళ్ళున్నారన్న సంగతే మరిచాడు.

"బాబాయిగారూ!" తల్లి ముందుకొచ్చింది. "రోజూ మీ చెప్పు ఎత్తుకుపోతోందన్నారు?"

"పోతోంది! అదేకదమ్మా నా ఫిర్యాదు!"

"మళ్ళీ తెచ్చి ఇస్తోందిగా?"

"తెచ్చి ఇస్తోంది కాబట్టే మళ్ళీ విసరాల్సి వస్తోంది! ముసలివాణ్ణి ఎంత శ్రమ పెడుతోందో మీరే చూశారుగా!"

కూతురు కొంగు నోట్లో కుక్కుకుంది. బండి మనిషి పట్టీ పట్టుకుని ముందుకొచ్చాడు. పెద్దాయన చెప్పు చేత్తో పట్టుకునే అడ్డం నిలబడ్డాడు.

"ఫిర్యాదుదారుణ్ణి నేను. కేసు తేలకుండా ముద్దాయిని ఊరు దాటించడానికి వీల్లేదు. తీర్పు వచ్చేదాకా నా అదుపులో ఉంటుంది!"

"తీర్పు ఎప్పుడొస్తుందండీ?" అంది అధ్యక్షురాలు.

"బెంచి క్లర్కుని పట్టుకుని ఆ ప్రశ్న అడుగుతారా! కుక్క ఆయుష్షు తీరేలోగా తేలిన కేసు నా సర్వీసులో ఒక్కటి లేదు!"

ఇంక అభ్యంతరం ఎవరికుంటుంది? అందరి తివాచీలూ క్షేమం. మర్నాడు పేపర్లో మిత్రమండలి మరో అనాథకి ఆశ్రయం చూపిందని వార్త పడింది. ఫోటోలో అధ్యక్షురాలు నిండుగా ఉంది, ఓ మూల చుట్టం తోక ఉంది.

"పీడ వదిలింది!" అని తల్లి ఇల్లు కడిగింది. పక్కింటివాళ్ళకి చెప్పింది, పాలవాడికి చెప్పింది, ఎవరూ లేనప్పుడు గోడకి కూడా చెప్పింది. మర్నాడు తెల్లవారగానే అలవాటు ప్రకారం మెట్లమీది తలుపు తీసింది. కిందికి వదలడానికి ఏమీ లేదు. దొడ్డిలోంచి "పట్టుకోరా కన్నా!" అని వినిపిస్తోంది. కాసేపు విన్నది. ఆయన విసిరే ఊపుకి గోడ తగిలితే? గేటు గడియ వేశాడో లేదో? నీళ్ళగిన్నె ఎండలో పెడితే?

ఆవిడ తన కుడికాలి చెప్పు తీసింది. అటూ ఇటూ చూసింది. మెట్ల పిట్టగోడ మీదుగా ఆ దొడ్లోకి విసిరేసింది. ఒంటికాలి చెప్పుతో టకటకా కిందికి దిగింది.

"బాబాయిగారూ! మీ కుక్క మా చెప్పు ఎత్తుకొచ్చింది. ఇలాగైతే ఎలాగండీ?"

పెద్దాయన ఆ చెప్పు తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక్క పంటిగాటు లేదు. చొంగ తడి లేదు. చుట్టం అప్పటికే ఆవిడ పాదం మీద తల పెట్టుకుని పడుకుంది.

"ఊఁ. ఫిర్యాదు తీవ్రమైనదే. విచారణకి రోజూ హాజరు కావలసి ఉంటుంది" అంటూ ఆయన కుర్చీ లాగాడు.

"రోజూ ఎక్కడ కుదురుతుందండీ, ఇంట్లో బోలెడు పని!" అంటూ ఆవిడ కూర్చుంది.

పైనుంచి కూతురు అరుస్తోంది: "అమ్మా! పాలు పొంగిపోయాయి!"

ఆవిడకి వినబడలేదు.