మొదటి ర్యాంకు పన్ను

ఆ ఉదయం లెక్కల మాస్టారి పథకం చిన్నదే. డెంటిస్టు దగ్గర కొత్త పన్నుకు రంగు ఎంచుకోవాలి, వారం తిరిగేసరికి బిగించుకోవాలి, ఆ ఆదివారం భోజనానికొచ్చే బావమరిది ముందు ఎప్పటిలా నోరారా నవ్వాలి. కట్టుడు పళ్ళసెట్టు పెట్టుకునే బావమరిదితో "నావన్నీ సొంతవేరా" అని ఇన్నేళ్ళూ మీసం మెలేసిన మనిషాయన. ముందు పన్ను ఊడిందగ్గర్నుంచీ అతనికి మొహం చాటేస్తున్నారు. సంగతి బయటపడితే తలెక్కడ పెట్టుకోవాలి?

డాక్టరమ్మ రంగుల నమూనాలను తెలుపు నుంచి పసుపు దాకా వరసగా పేర్చింది. "ఈ మూడోది మీ పళ్ళతో చక్కగా కలిసిపోతుంది మాస్టారూ."

"మూడోదా? మూడో ర్యాంకుకి నేను చప్పట్లు కూడా కొట్టించలేదమ్మా. మొదటిది పెట్టు."

"అది మరీ తెలుపండీ. పక్క పళ్ళతో కలవదు."

"కలవాల్సింది అవి. ఇది కాదు."

ఆవిడ రెండుసార్లు చెప్పి చూసి ఊరుకుంది. వారం తర్వాత మాస్టారు కొత్త పన్నుతో ఛాతీ విరుచుకుని ఇంటికొచ్చి, భార్య ముందు నవ్వారు.

"ఏమండీ, నోట్లో లైటు వేసి ఆర్పడం మర్చిపోయారా?" అందావిడ.

మాస్టారు అద్దంలో చూసుకుని, తప్పు పక్క పళ్ళదేనని తేల్చారు. వెనకబడ్డవాళ్ళను పైకి తేవడం ఆయనకు కొత్తా? వంటసోడాతో బరబరా తోమారు. చిగుళ్ళు వాచాయి తప్ప పళ్ళు తెల్లబడలేదు. ఇక ఫస్టొచ్చినదాన్నే కిందికి దించుదామని శనివారమంతా పాలు లేని చిక్కటి టీ పుక్కిలించారు. కొత్తది పింగాణీ కావడంతో దానికి మరక అంటలేదు. పక్క పళ్ళు మాత్రం మాస్టారి మాట విని బుద్ధిగా ఇంకాస్త నల్లబడ్డాయి.

ఆదివారం బావమరిది వచ్చాడు.

"ఏం బావా, బావున్నావా?"

"ఊఁ."

"ఒంట్లో ఎలా ఉంది?"

"ఊఁ."

బావమరిది వంటింట్లోకి వెళ్ళి గొంతు తగ్గించాడు. "అక్కా, బావకేమైంది?"

"నన్నడక్కురా. చెప్పనని మాటిచ్చాను."

ఏదో పెద్ద జబ్బేననుకున్నాడతను. గబగబా వచ్చి మాస్టారి రెండు చేతులూ పట్టుకున్నాడు. "బావా, ఎంత పెద్ద జబ్బైనా సరే, నేనున్నాను!"

"జబ్బేమిట్రా నీ మొహం!" అన్నారు మాస్టారు, నోరంతా తెరిచి.

బావమరిది తొంగి చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయ్యో! సొంతది ఒక్కటే మిగిలిందా? మిగతావన్నీ ఎవడు కట్టాడు బావా? ఆ రంగేంటి, చూసుకోవద్దూ?"

మాస్టారికి రోషం ముంచుకొచ్చింది. "ఒరేయ్! అవన్నీ నా సొంతవి! ఆ ఒక్కటే పెట్టుడుది!"

అనేశాక నాలుక కరుచుకున్నారు. ఇక వెక్కిరింత మొదలవుతుందని తల దించుకున్నారు. బావమరిది మాత్రం దగ్గరికొచ్చి, ఆ పన్నును తేరిపార చూశాడు.

"రంగు అదిరింది బావా. వరసలో మొదటిదే కదూ? నాకూ మూడోదే అంటగట్టబోయారు. ఒప్పుకుంటానా!" అంటూ తన సెట్టంతా కనబడేలా ఇకిలించాడు.

మాస్టారు ఆ పళ్ళను మొదటిసారి గౌరవంగా చూశారు. నిజమే, అన్నీ ఫస్టు ర్యాంకులే. ఆయన గుండె గర్వంతో పొంగిపోయింది. "మన ఇంటావంటా మూడో ర్యాంకు ఉందిట్రా!" అని భుజం చరిచి, తనూ నోరారా నవ్వారు.

కంచాలు పెడుతూ మాస్టారి భార్య కూడా నవ్వింది, మూడో రంగు సొంత పళ్ళతో.