ఒక్క స్టారు ఇచ్చినవాళ్లకు వెయ్యి దండాలు

మన కాలంలో నిజం చెప్పే మనుషులు ఒకే చోట మిగిలారు. ఆన్‌లైన్‌లో వస్తువు కొని, దానికి ఒకే ఒక్క స్టారు ఇచ్చిన పుణ్యాత్ములు వాళ్లు. డాక్టర్లు కొంత దాచిపెడతారు. చుట్టాలు తియ్యగా మాట్లాడి వెళ్లిపోతారు. మొగుళ్లు అసలే చెప్పరు. ఒక్క స్టారు ఇచ్చినవాడు మాత్రం విరిగిన ముక్కను ఫోటో తీసి మరీ చూపిస్తాడు. ఇంతకన్నా మన మేలు కోరేవాడు ఎవడుంటాడు?

అయిదు స్టార్ల వాళ్లను నేను నమ్మను. ‘నైస్ ప్రొడక్ట్’ అని రెండు ముక్కలు రాసి చక్కా పోతారు. ఏం నైసు? ఎన్నాళ్లు నైసు? పక్కనున్న ఉధ్నా స్టేషన్ నుంచి గూడ్సు బండి పోతుంటే వంటింట్లో గిన్నెలు కదులుతాయే, అప్పుడు కూడా నైసేనా? అంత నిశ్చింతగా బతికేవాళ్లకు పిల్లలు ఉండరని నా అనుమానం.

నా సంగతి కొంచెం చెప్పాలి. ఏడో తరగతి దాకా చదువుకున్నాను. సూరత్‌లో, డిండోలిలో, రెండో అంతస్తులో ఒక గది, ఆ గదిలోనే ఒక మూలకు వంటగట్టు, అదీ మా ఇల్లు. మా ఆయన ఆగయ్య ఇరవై ఏడేళ్లుగా మగ్గాల కార్ఖానాలో పని చేస్తున్నాడు. మా అమ్మాయి సంతోషి ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని ఒక సేఠ్ కోసం చీరల అంచులకు డిజైన్లు గీస్తుంది. నేను భయపడతాను. అది నా ఉద్యోగం. దానికి సెలవుల్లేవు.

మొన్న చలి తగ్గే రోజుల్లో సంతోషికి మెడ పట్టేసింది. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. నేను క్షణంలో పక్షవాతం దాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి వచ్చి, ఉప్పు కాపడం పెట్టాను. పక్క పేట నవాగామ్‌లో ఉండే డాక్టరు మెడ అటూ ఇటూ తిప్పి చూసి, ఇది కిందికి చూసి చూసి వచ్చిన నొప్పి, స్క్రీను కళ్ల ఎత్తుకు లేపండి, ఇలాగే వదిలేస్తే చేతుల్లోకి తిమ్మిరి దిగుతుంది అన్నాడు. ఒక స్టాండు కొంటే చాలట.

ఒక స్టాండు! ఎంత తేలిగ్గా అన్నాడో చూడండి.

ఫోను తెరిస్తే వందల కొద్దీ స్టాండ్లు. టేబుల్ అంచును కరిచి పట్టుకునేవి, గోడకు బిగించేవి, బరువైన పీట మీద నిలబడేవి, మోచెయ్యిలా ముడుచుకుని సాగేవి. పెళ్లికి ముందు మా వాళ్లు నాకు చూపించింది ఒక్క సంబంధమే. అదైనా వెనక నుంచి చూపించారు.

మా ఆయన మాత్రం అన్నం తింటూనే తేల్చేశాడు. “కార్ఖానల ఖాళీ కోన్లు ఊకె పడుంటయి. నాలుగు తెస్త. మీద పలక పెట్టుకో. అయిపాయె.”

“దారం కోన్ల మీద స్క్రీనా? ఊగుతది నాన్నా,” అంది సంతోషి. “మీటింగ్‌ల సేఠ్ చూస్తే నేనే తాగి కూసున్న అనుకుంటడు.”

కాబట్టి కొనడం ఖాయమైంది. ముందు ఎత్తు కొలవాలి కదా. టేపు తీసుకుని “సక్కగ కూసో” అన్నాను. కూర్చుంది. టేబుల్ నుంచి కళ్ల దాకా పందొమ్మిది అంగుళాలు. అరగంట తర్వాత తను పనిలో మునిగి ఉన్నప్పుడు చాటుగా కొలిచాను. పదమూడు! కొలిచేటప్పుడు ఫోటోకు కూర్చున్నట్టు కూర్చుని, పని చేసేటప్పుడు గోనె సంచిలా కూలబడితే ఏ కొలత నమ్మాలి? అందుకే ఎక్కువా తక్కువా చేసుకునే స్టాండే కావాలని తీర్మానించాను.

తర్వాత బరువు. ప్రతి స్టాండు కిందా, ఇన్ని కిలోల నుంచి ఇన్ని కిలోల దాకా మోస్తుంది అని రాసి ఉంది. మా స్క్రీను ఎంతుంటుందో ఎవరికి తెలుసు? సంతోషి స్నానానికి వెళ్లిన సమయం చూసి, దాన్ని పసిబిడ్డలా దుప్పటిలో చుట్టి, కింద పాత సామాన్ల దుకాణానికి తీసుకుపోయి కాంటా మీద పెట్టించాను. మూడు కిలోల నాలుగు వందలు. “దోఢ్‌సో ఆపీశ్, బేన్,” అన్నాడు దుకాణమాయన. నూట యాభై ఇస్తాడట! స్క్రీనును గుండెలకు హత్తుకుని మెట్లెక్కుతుంటే పక్కింటి వినోద ఎదురైంది.

“నర్సక్కా, గంత కష్టమొచ్చిందా? నాకొక్క మాట చెప్పకపోతివి,” అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ తర్వాత రెండు రోజులు మా ఇంటికి కూర గిన్నె పంపింది. కాదనడానికి నాకు నోరు రాలేదు. వంకాయ బాగా చేస్తుంది.

ఇక అప్పుడు మొదలుపెట్టాను ఒక్క స్టారు వాళ్లను చదవడం. ఏ భాషలో రాసినా ఫోను తెలుగు చేసి పెడుతుంది. ఎన్ని జీవితాలు! నరహరి అనే ఆయన టేబుల్ అంచుకు బిగిస్తే, అంచే ఊడి ఒళ్లో పడింది. మా టేబులూ ఉధ్నాలో సెకండ్ హ్యాండులో కొన్నదే. ఆ రకం కొట్టేశాను. ఓంప్రకాష్ అనే ఆయన గోడకు బిగించబోతే డ్రిల్లు అవతలి వాళ్ల ఇంట్లో తేలింది. మా గోడకు అవతల వినోద దేవుడి పటాలున్నాయి. పైగా మా ఓనరు క్యాలెండరుకు మేకు కొట్టినా కిందకు పిలిపిస్తాడు. అదీ కొట్టేశాను. బ్రహ్మచారి అనే ఆయన కొన్నది మోచెయ్యి రకం. దాని లోపల గ్యాసు ఉంటుందట. స్క్రీను విప్పగానే అది కొరడాలా పైకి లేచి ఆయన గడ్డానికి తగిలింది. గ్యాసు అన్న మాట చూడగానే నేను లేచి వెళ్లి సిలిండరు కట్టేసి వచ్చాను.

రోజులు గడిచేకొద్దీ వాళ్లంతా నాకు ఇంటివాళ్లయిపోయారు. కూర తాలింపు వేస్తూ “పాపం, నరహరి కొత్త టేబుల్ కొనుక్కున్నడో లేదో” అన్నాను ఒకరోజు.

“ఎవ్వడే ఆ నరహరి?” అన్నాడు మా ఆయన, ముద్ద నోటి దాకా తెచ్చి ఆపి.

ఒకాయన స్క్రీను వెనక నాలుగు బెజ్జాలు స్టాండుకు కుదరలేదని రాశాడు. మా స్క్రీను వెనక బెజ్జాలు లెక్కపెట్టాను. నాలుగే ఉన్నాయి. మర్నాడు మళ్లీ లెక్కపెట్టాను. నవ్వకండి, జాగ్రత్త మంచిదే కదా?

ఇలా ఇరవై రెండు రోజులు గడిచాయి. ఈ ఇరవై రెండు రోజుల్లో మా ఇంట్లో ఏ స్టాండూ విరగలేదు, ఏ స్క్రీనూ పడలేదు, ఎవరి గడ్డమూ పగల్లేదు. ఇదంతా ఎవరి చలవ? ఒక్క స్టారు వాళ్లది కాదా? వస్తువు కొనకుండా ఉండటంలో ఉన్నంత భద్రత ఇంకెందులో ఉంది?

ఒక్క మెడ మాత్రం అలాగే ఉంది. రాత్రి కాపడం పెడితే పొద్దుటికి కొంచెం తిరిగేది, సాయంత్రానికి మళ్లీ బిగుసుకునేది. ఇరవై మూడో రోజు సంతోషి ఎడమ చేతి వేళ్లు ముడుస్తూ తెరుస్తూ కూర్చుంది.

“తిమ్మిరా?” అన్నాను.

“మమ్మీ, స్టాండు పడితే స్క్రీను పోతది. స్టాండు లేకపోతే నా మెడ పోతది. నీకేది కావాలె?” అంది, కేకలేమీ వెయ్యకుండా.

నేను నోరు తెరిచేలోపే మా ఆయన ఫోను లాక్కుని, బరువైన పీట మీద నిలబడే రకాన్ని వేలితో నొక్కేశాడు. దానికి రెండు వందల పన్నెండు ఒక్క స్టార్లున్నాయి. నేను ఇంకా నూట నలభైలోనే ఉన్నాను.

వచ్చింది. పావుగంటలో సంతోషి బిగించేసింది. మొదటి రోజు కింద దిండు పరిచాను. అది పడలేదు, జారలేదు, ఊగలేదు. గూడ్సు బండికీ చలించలేదు. వారం తిరక్కుండానే పిల్ల మెడ అటూ ఇటూ తిరిగింది. తిమ్మిరి పోయింది. మా ఆయన నా వైపు చూశాడు. నేను పప్పు గుత్తి వైపు చూశాను.

ఇంతవరకు చదివినవాళ్లకు నిజం చెప్పకపోతే పాపం. మీటింగుల్లో మా పొయ్యీ గిన్నెలూ కనపడకూడదని సంతోషి గోడకు వీపు పెట్టి, వంటగట్టు వైపు తిరిగి కూర్చుంటుంది. స్క్రీను కిందుగా ఉన్నన్నాళ్లూ దాని మీదుగా నాకు పిల్ల నుదురూ కళ్లూ కనబడేవి. సేఠ్ మెచ్చుకున్నాడో తిట్టాడో, ఆకలేస్తోందో, ఏడుపు ఆపుకుంటోందో, పొయ్యి దగ్గర నుంచే తెలిసిపోయేది. చెప్పే పిల్ల కాదు. పొద్దంతా ఇంట్లోనే ఉంటుందన్న మాటే గానీ, చెవుల్లో ఆ గొట్టాలు పెట్టుకుంటే సాయంత్రం దాకా నాతో నాలుగు మాటలుండవు. నాకున్నది ఆ నుదురూ కళ్లే. కళ్ల ఎత్తుకు లేపండి అని డాక్టరు అనగానే నాకు లెక్క తెలిసిపోయింది. ఏడో తరగతి చాలు దానికి. ఇన్ని రోజులు జాగు చేసిన ఈ పాపంతో నరహరికీ ఓంప్రకాష్‌కూ సంబంధం లేదు.

ఇప్పుడు నాకు ఎదురుగా కనబడేది స్క్రీను వెనకవైపు నల్లటి అట్ట. దాని మీదుగా పాపిట గీత.

ఏం చేస్తాను? చాయ్ తీసుకెళ్లాను. జామకాయ కోసి తీసుకెళ్లాను. మజ్జిగ తీసుకెళ్లాను. తీసుకెళ్లిన ప్రతిసారీ ఒకసారి ముఖం చూసి వచ్చాను.

“మమ్మీ, పొద్దటి నుంచి ఏడో గిలాస. నన్ను దవాఖానల పెడుతున్నవా ఏంది?” అంది మూడో రోజు. నేను ఖాళీ గ్లాసు తీసుకుని వచ్చేశాను. తను నా వెనకే చూస్తూ ఉండిపోయిందని నాకు తెలుసు.

నిన్న మధ్యాహ్నం బెండకాయలు కోస్తూ తలెత్తితే, ఎదురుగా రెండు కళ్లు. స్క్రీను నాలుగు వేళ్లు కిందికి దిగి ఉంది.

“ఎందుకు దించినవ్?”

“పైన వెల్తురు కొడుతుంది.”

మా గదిలో ఆ వేళప్పుడు వెల్తురే ఉండదు. “మెడ నొయ్యదా మరి?” అన్నాను.

“నొయ్యది తియ్యి. నువ్వు బెండకాయలు కొయ్యి,” అంటూ ఎడమ చేత్తో మెడ వెనక ఒకసారి రుద్దుకుంది.

ఆ మెడ కోసం ఇరవై మూడు రోజులు నిద్ర మానుకున్న తల్లిని నేను. లేచి వెళ్లి ఆ స్క్రీనును నా చేత్తో పైకి జరపాలి. జరుపుతాను. మళ్లీ తిమ్మిరి వస్తే ఎలా అని చెబుతాను, డాక్టరు మాట గుర్తు చేస్తాను, అవసరమైతే గట్టిగా కూడా అంటాను.

రేపు చెబుతాను. ఇవాళ పిల్ల దేనికో తనలో తను నవ్వుకుంటోంది.